పొగల కొండ మీద పెట్టిన ముద్ద

మా ఉస్తాద్ పోయారు. శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లో, సల్మాబాద్‌లో తెలుగు ప్రార్థనకి కూర్చోబోతుంటే కబురొచ్చింది. పోయినేడే ఇక్కడి పని ఖలాస్ చేసుకుని కరీంనగర్ వైపు సొంతూరికి వెళ్ళిపోయారు. నిద్రలోనే పోయారట. అలాంటి చావు అడిగినా దొరకదు అన్నారందరూ. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పని వల్లే.

మోటారుసైకిళ్ళ గ్యారేజీలో పెద్ద మెకానిక్ ఆయన. ఏ బండి మొదలుపెట్టినా ముందు ట్యాంకు మీద అరచెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచేవారు. "మొక్కుతున్నారా ఏంటండీ?" అని ఏడిపించేవాణ్ణి. "పలకరిస్తున్న తమ్మీ. పలకరించకుంటే ఇనుమన్నా అలుగుతది," అనేవారు.

అలక మాట ఆయన నోట ఊరికే రాలేదు. ఆయన ఇక్కడుండగానే భార్య జ్వరంతో పోయింది. సెలవు దొరికి వెళ్ళేసరికి దహనం అయిపోయింది. వాళ్ళ వైపు పిట్టకు పెట్టడమని ఉంది. పోయినవాళ్ళ పేరున వండి పెడితే కాకి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయినట్టు. ఆవిడ ముద్ద ఏ కాకీ ముట్టలేదు. "అలిగి పోయింది తమ్మీ. ఎందుకో చెప్పకుంటనే పోయింది," అని కుమిలిపోయేవారు. ఏటా ఆ రోజొస్తే క్యాంపు మేడ మీద అన్నం పెట్టేవారు. సల్మాబాద్ కాకులు సబ్బుముక్క కూడా వదలవు, ఆ పళ్ళెం జోలికి మాత్రం రావు. గోడ మీద వరసగా కూర్చుని చూసేవి. మేం యేసుని నమ్మినవాళ్ళం, ఇవన్నీ పట్టించుకోం. అయినా ఆ చూపులకి తట్టుకోలేక నేను కిందికి దిగిపోయేవాణ్ణి.

గ్యారేజీ యజమాని, మా కఫీల్, బళ్ళ పిచ్చోడు. ఓసారి స్నేహితులతో జపాన్ పల్లెలు తిరగడానికి వెళ్తూ, బళ్ళు చూసుకోవడానికి మా ఇద్దర్నీ తీసుకెళ్ళాడు. మాకూ చెరో బండి ఇచ్చాడు. కొండదారులు, వరిమళ్ళు, గడ్డి కప్పిన ఇళ్ళు. ఓ ఊళ్ళో ముసలమ్మ నడుం వంచి దండం పెట్టి, ఆకులో చుట్టిన అన్నం ముద్దలు ఇచ్చింది. నేను అక్కడే తినేశాను. ఉస్తాద్ తినలేదు, జేబులో పెట్టుకున్నారు.

ఆ పైన అగ్నిపర్వతం. పచ్చటి మొక్కే లేని నేల, రాళ్ళ సందుల్లోంచి పొగ, కుళ్ళిన గుడ్ల కంపు. పోయిన పిల్లల కోసమని ఎవరెవరో పేర్చిన రాళ్ళ గుట్టలు, పక్కన ఎర్రగుడ్డ కట్టిన చిన్న చిన్న రాతి బొమ్మలు. మిగతావాళ్ళు ముందుకెళ్ళిపోయారు. ఉస్తాద్ బండి ఆపి ఓ రాయి మీద ముద్ద పెట్టారు.

"ఇక్కడెందుకండీ! ఆవిడకి ఈ దేశం పేరైనా తెలుసా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

పొగలోంచి కాకి దిగింది. మన కాకి కన్నా చాలా పెద్దది. తిన్నగా వచ్చి, మెతుకు మిగల్చకుండా తినేసింది.

ఉస్తాద్ వెక్కి వెక్కి ఏడ్చారు. "తిన్నది తమ్మీ, తిన్నది! నన్ను ఎన్నడన్న ఎంట తీస్కపోయినవా అని ఫోన్ల అడిగేది. గింతేనా నీ అలక!"

గాలి లేదు. అయినా ఆయన వెనకాల గులకరాళ్ళు ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు చేశాయి. ప్రభువు సాక్షిగా చెబుతున్నాను, అక్కడ ఎవరూ లేరు.

ఆయన కళ్ళు తుడుచుకుని బండెక్కి, కాస్త ముందుకి జరిగి కూర్చున్నారు. వంగి, వెనక కూర్చునే మనిషి పాదాలు పెట్టుకునే కడ్డీలు రెండూ దించారు. కాసేపు ఆగారు. వెనక చక్రం మీద బండి కొంచెం కిందికి దిగింది.

"గట్టిగ పట్టుకో," అన్నారు, నాతో కాదు.

కొండ దిగినంతసేపూ ఆయన వెనకే వెళ్ళాను. సీటు ఖాళీగానే ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా మాత్రం ఆయన చొక్కా, నడుం దగ్గర, ఎవరో గుప్పిట పట్టినట్టు ముడత పడుతోంది.