‘ఏం కాలేదు’ అనకూడదట

వచ్చే వారం విద్యార్థులను తీసుకుని సుందర్‌బన్స్ వెళ్తున్నాను. అక్కడ ఎవరికైనా దెబ్బ తగిలితే ఆస్పత్రికి గంటల కొద్దీ పడవ ప్రయాణం. అందుకే ఈ రోజు కాలేజీలో మాకు ప్రథమ చికిత్స నేర్పారు. ఇక్కడ బెంగాల్‌లోనే, దగ్గర్లోని లిలువా నుంచి రోజూ వచ్చే మా తెలుగు విద్యార్థిని శిరీష, కాలు విరిగినట్టు నటిస్తూ నేల మీద పడుకుంది. నేను గబగబా పక్కన కూర్చుని, "ఏం కాలేదమ్మా, ఏం కాలేదు" అన్నాను.

"కాలిరిగిపోతే ఏటీ అవలేదంటారేటి మేడమ్?" అంది పడుకునే. పైగా దాన్ని బెంగాలీలో చెప్పి అందరినీ నవ్వించింది.

నేర్పే ఆయన మాత్రం నవ్వలేదు. "అబద్ధం చెప్పకండి దీదీ. నొప్పి ఆ అమ్మాయికి తెలుస్తూనే ఉంటుంది. మీరేం చేస్తున్నారో అది చెప్పండి."

మళ్లీ మొదలుపెట్టాను. "కాలు విరిగినట్టుంది. గొడుగు ఆసరాగా పెట్టి కట్టు కడుతున్నాను. పడవ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

శిరీష నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాకు నీళ్లంటే నిజంగానే బయం మేడమ్. ఇంట్లో కూడా సెప్పలేదు" అంది, నాకొక్కదానికే వినబడేలా.

"ఏం కాదులే" అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, "పడవలో నా పక్కన కూర్చో. నాకూ కొంచెం భయమే" అన్నాను.

పంతులమ్మ అనవలసిన మాటేనా అది? మీరైతే ఏమనేవారు?