మోసిన బరువుకు సున్నా

కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోవడంతో రెండు నెలలుగా భూపాలపల్లిలో కొడుకు ఇంట్లో ఉంటూ వారానికి మూడుసార్లు దవాఖానకు పోతున్నాను. అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి, అరచెయ్యి ఆనించి, పది లెక్కపెట్టేదాకా బలంగా నెట్టమంటుంది. గోడ కదలదు, నాకు మాత్రం చెమట పడుతుంది. మొన్న అలా నెడుతూ, ఇప్పుడు నేను చేస్తున్న పని ఎంత అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కదా, జవాబు నాలుక చివరనే ఉంది. బలం ఉంది, కదలిక లేదు, కనుక పని సున్నా. ఆ మాట మనసులో మెదలగానే చెయ్యి దించేశాను. నొప్పి లేచిందేమోనని ఆ అమ్మాయి కంగారుగా కుర్చీ వేసింది.

ఆ సున్నా వెనక ఒక పాత సంగతి ఉంది. మీలో చాలామంది ఆ రోజులు చూసినవాళ్ళే. తెలంగాణ కోసం జరిగిన సమ్మెలో బడులు, బస్సులు, ఆఫీసులు అన్నీ ఆగిపోయిన ఏడు. అప్పుడు నేను పెద్దవంగర దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. నేను క్లాసు టీచరుగా ఉన్న తొమ్మిదో తరగతిలో తండా నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. వాళ్ళ ఇంట్లో హైస్కూలు దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. తండ్రి సీజనులో జనగామ మార్కెట్‌కు హమాలీగా పోయేవాడు, మిగతా రోజుల్లో ఊళ్ళో కూలి. బిడ్డకు చదువు మీద ఇష్టం ఉన్నన్నాళ్ళు పంపుతాననీ, అది పోయిన నాడు పత్తి చేలకు తీసుకుపోతాననీ చేర్చేటప్పుడే మాకు చెప్పాడు. ఆ పిల్ల చదువుకు ఆధారం ఆమె ఇష్టం ఒక్కటేనని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా చేశాను.

సమ్మెకు కొన్ని రోజుల ముందు 'పని' పాఠం వచ్చింది. గోడను నెట్టే ఉదాహరణ అయ్యాక, ప్రతి ఏడూ చెప్పే రెండోదీ చెప్పాను. నెత్తి మీద బరువు పెట్టుకుని చదునైన నేల మీద ఎంత దూరం నడిచినా ఆ బరువు మీద మనిషి చేసిన పని సున్నా, ఎందుకంటే బలం పైకి, నడక అడ్డానికి, రెండూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి. అప్పుడా పిల్ల లేచి నిలబడింది.

"సార్, మా నాయిన లారీ కాడికెల్లి గోదాం దాక బస్తా మోస్తడు. గది పని కాదా? కాకపోతె ఇంటికొచ్చి మెడకు కాపడం ఎందుకు పెట్టుమంటడు?"

అంతకంటే మంచి ప్రశ్న నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే జవాబు నాకు తెలియదు. సూత్రం తెలుసు, లెక్కలు చేయించడం తెలుసు, కానీ అలసట ఎక్కడి నుంచి వస్తుందో ఎన్నడూ ఆలోచించలేదు. తెలియదని చెప్పడానికి నామోషీ అనిపించి, ఆమె ప్రశ్ననే ఆమె తండా పలుకుతో సాగదీసి తిరిగి అన్నాను. తరగతి గొల్లుమంది. మీ నాయిన పని సున్నా, కూర్చో అన్నాను. సాయంత్రానికల్లా పిల్లలు ఆమెకు సున్నా అనే పేరు పెట్టేశారు. నేను విన్నాను, వద్దనలేదు.

తర్వాత సమ్మె. వంటావార్పు గుర్తుంది కదా, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే తిని బండ్లను ఆపేవాళ్ళం. ఆ రోజు మైకు పట్టుకుని, సినిమాల్లో మన మాటను ఇన్నేళ్ళుగా ఎట్లా వెక్కిరించారో ఆవేశంగా చెప్పాను, చప్పట్లు మోగాయి. నేను మైకు దించేసరికి ఆ పిల్ల తండ్రి బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని వచ్చాడు, వెనకాలే ఆమె కట్టెల మోపుతో. బస్తా దించి, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ నవ్వుతూనే అడిగాడు.

"సారూ, నేను మోసేది పనే కాదంట గద? నా బిడ్డ చెప్తె నమ్మబుద్ధి కాలె. జెర సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

పక్కనున్న తెలుగు సారు ఊరుకోలేదు. "ఏందన్నా, మనకు బువ్వ మోసుకొచ్చినోనికి సున్నా మార్కులేస్తివా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా పరువు పోతున్నట్టనిపించింది.

"పుస్తకంల పని వేరే ఉంటది, గది నీకు సమజ్ కాదు గని, పొయ్యి కాడ ఇంకో బస్తా గావాల్నట, పో" అన్నాను, నాకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి పట్టుకుని.

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల మాత్రం కట్టెలు దించి, నన్నొకసారి చూసి, తండ్రి వెనకాలే పోయింది.

సమ్మె ముగిసి బడి తెరిచాక ఆమె రాలేదు. తండా రెండు కిలోమీటర్లు, సైకిలు మీద పోతే ఎంతసేపు? సిలబస్ వెనకబడిందని ఆదివారాలు కూడా తరగతులు పెట్టాం, ఆ తొందరనే సాకు చేసుకున్నాను. అసలు సంగతి, ఆమె ముందు నిలబడే ధైర్యం లేదు. నెల దాటాక హాజరు పట్టీలో ఆమె పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టింది నేనే. మేము రోడ్డు మీద కూర్చున్న రోజులు మాత్రం తర్వాత డ్యూటీగా లెక్కలోకి వచ్చాయి.

మరుసటి వేసవిలో ఒక పాత పుస్తకం తిరగేస్తుంటే జవాబు దొరికింది. బస్తాను నిలిపి ఉంచడానికి మెడలో, భుజాల్లో కండరాల పోగులు క్షణం ఆగకుండా బిగుస్తూ సడలుతూ ఉంటాయట. బస్తాకు ఏమీ చేరకపోయినా ఒంట్లో శక్తి ఖర్చవుతూనే ఉంటుంది, వేడిగా పోతూనే ఉంటుంది. ఇక సరుకు ఎక్కించేటప్పుడు చెక్క మీదుగా లారీ పైకి ఎక్కిన ప్రతి అడుగూ సూత్రం లెక్కలోనూ పనే. ఐదు నిమిషాల మాట. దాన్ని పట్టుకుని తండాకు పోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

అప్పటికి రాష్ట్రం వచ్చింది. తండాలో తల్లి మంచినీళ్ళిచ్చి, తన ఇంటాయన నిరుడు చనిపోయాడనీ, బిడ్డను గార్ల దిక్కు ఇచ్చి పెళ్ళి చేశామనీ చెప్పింది. అక్కడికీ పోయాను. మిరప చేలో కాయలేరుతున్న ఆమెను గట్టు మీదికి పిలిచి, తప్పు నాదని చెప్పి, ఆ పాఠం మొత్తం చెప్పాను. ఘాటుకు ఎర్రబడ్డ కళ్ళతో ఆమె చివరిదాకా శ్రద్ధగా వింది, తరగతిలో విన్నట్టే.

"గీ మాట గప్పుడే చెప్తె అయిపోతుండె గద సార్. మా నాయిన గూడ ఇనేటోడు" అంది. గొంతులో కోపం లేదు. మళ్ళీ మిరప సాల్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ జిల్లాలయ్యాయి. తండాలు పంచాయతీలయ్యాయి. మన మాట సినిమాల్లో వినిపిస్తే జనం ఈలలు వేస్తున్నారు. సంతోషమే. కానీ ఈ పొద్దు కూడా ఏదో ఒక బడిలో ఒక పిల్ల లేచి అలాంటి ప్రశ్న అడుగుతూనే ఉంటుంది. బోర్డు ముందున్న సారు, నాకు తెలియదమ్మా, తెలుసుకుని రేపు చెప్తా అని అనగలుగుతున్నాడో లేదో. నా నోటికి మాత్రం ఆ మాట ఆ రోజు రాలేదు.