పిల్లలున్నట్టు రుజువు

మా ఆయన మస్కట్‌లో క్రేన్ మెకానిక్‌గా చేరి రెండేళ్లు దాటింది. నేను ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో టైపిస్టును. ఆ ఏడు చిన్నది కూడా నాచారంలో అక్క చదివే బడిలోనే చేరడంతో, ఇద్దరికీ చదువు అలవెన్సు కోసం దరఖాస్తు పెట్టాను. ఫారం మారింది. భర్త ఉద్యోగం అని కొత్త గడి వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాయడమే నేను చేసిన తప్పు.

అకౌంట్స్ సూపరింటెండెంటు పిలిపించారు. చెడ్డవాడేం కాదు. రూల్సు పుస్తకం తెరిచాక మాత్రం ఆయనకు ఎదుట మనిషి కనపడదు.

"భార్యాభర్తలల్ల ఒక్కరే తీసుకోవాలె గదమ్మా. మీ ఆయన అక్కడ తీసుకుంటలేడని కాయితం తెప్పియ్యుండ్రి."

"ఆయన సేఠు దగ్గర అసొంటి అలవెన్సులేం ఉండయి సార్."

"ఉండయనే రాసియ్యమనుండ్రి."

మా ఆయనకు ఉత్తరం రాశాను. రెండు నెలలకు సేఠు రాసిచ్చిన కాగితం వచ్చింది. అంతా అరబ్బీ, అడుగున నా అరచేయంత ఆకుపచ్చ ముద్ర. దాన్ని చూడడానికి సెక్షనంతా వచ్చింది. సూపరింటెండెంటు రెండు చేతులతో భక్తిగా అందుకుని, అంతే భక్తిగా తిరిగిచ్చారు. "తర్జుమా కావాలె."

మౌలాలి గుట్ట కింద పిల్లలకు అరబ్బీ నేర్పే పెద్దాయన ఉన్నాడంటే, ఆదివారం బస్సెక్కి వెళ్లాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి నా వంక చూశాడు.

"బేటీ, మీ ఆయన అక్కడ మంచిగనే ఉన్నడా?"

"ఉన్ననే రాస్తడు. ఏమున్నది అండ్ల?"

"జీతం తప్ప ఈయనకు నేనేం ఇస్తలేను. ఈయనకు పిల్లలున్నరని నాకు తెల్వదు. ఇంకోసారి గిట్ల అడిగితే ఇంటికి పంపిస్త. గిదీ ముచ్చట. జర తీయగ రాయాల్నా, ఉన్నదే రాయాల్నా?"

ఉన్నదే రాయమన్నాను. పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు.

సూపరింటెండెంటు మొదటి వాక్యం చదివి సంతోషించారు. రెండో వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీశారు.

"కాయితంల పిల్లల సంగతే తెల్వదని ఉన్నది. మరి పిల్లలున్నట్టు నేనెట్ల నమ్మాలె?"

"బర్త్ సర్టిఫికెట్లు పెట్టిన గద సార్."

"అవి పుట్టిన్రని చెప్తయి. ఇప్పుడున్నరని చెప్పయి."

"పెద్దదాని పుట్టినరోజుకు మీరే ఒచ్చి పులిహోర తిన్నరు!"

"తిన్న. ఫైల్ల లేదు గద అది."

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి, పిల్లలిద్దరినీ యూనిఫారాల్లోనే తీసుకెళ్లి ఆయన బల్ల ముందు నిలబెట్టాను. ఆయనకు సిగ్గేసినట్టుంది. ఏదో ఒకటి అడగాలని చిన్నదాన్ని అడిగారు.

"మీ నాయిన యాడుంటడు బిడ్డా?"

"గోడ మీద. ఫోటోల ఉంటడు."

సూపరింటెండెంటు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత ఫైలులో, 'పిల్లలను ప్రత్యక్షంగా చూడడమైనది' అని రాసి సంతకం పెట్టారు.

అలవెన్సు పరీక్షలయ్యాక వచ్చింది. ముద్ర సంగతీ, పులిహోర సంగతీ మా ఆయనకు వివరంగా రాశాను. చిన్నదాని మాట మాత్రం రాయలేకపోయాను. సెలవెప్పుడని అడిగానంతే.

మరుసటి వేసవిలో వచ్చారు. చిన్నది మూడు రోజులు నా కొంగు వదల్లేదు. నాలుగో రోజు ఆయన దగ్గరికి వెళ్లి, "నువ్వు మా ఇంట్లనే పండుకుంటవా?" అని అడిగింది.