గురునాథం వద్దన్న పుస్తకం

గురునాథం ఏ పుస్తకాన్నైనా వెనక నుంచి తెరుస్తాడు. చివర్లో పదాల పట్టిక ఉందా లేదా చూస్తాడు. లేకపోతే అక్కడికక్కడే మూసేస్తాడు. ఉంటే, తనకు బాగా తెలిసిన మాట ఒకటి అందులో వెతుకుతాడు. వెల్డింగు అతుకులో వచ్చే పగులు ఆయనకు బాగా తెలిసిన సంగతి. సింగపూర్ సైన్స్ పార్క్‌లోని ఒక పరీక్షాశాలలో పాతికేళ్ళుగా ఆయన పని అదే. అతికిన ఇనుమును విరిచి, ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో రాయడం. రాసినవాడు ఆ పగులును కళ్ళారా చూశాడా, ఇంకో పుస్తకంలో చదివాడా అన్నది రెండు పేరాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత లెక్కల దగ్గరికి వెళ్ళి ఒకటి తనే చేసి చూస్తాడు. జవాబు కలిస్తే అప్పుడు ముందుమాట చదువుతాడు.

శనివారాలు బ్రాస్ బాసాలో పాత పుస్తకాల షాపుల ముందు నిలబడేవాడు. అక్కడ ఒక కొట్టతను చైనీస్ ముసలాయన. "ఈరోజు కూడా నో బై ఆ, అంకుల్?" అనేవాడు. గురునాథం నవ్వి ఇంకో పుస్తకం తీసేవాడు. ముసలాయన తన స్టూలు కొంచెం ఇటు జరిపేవాడు, కూర్చొమ్మని.

సింగపూర్‌లో చదువుకునే తెలుగు పిల్లలకు, పరీక్షలు రాసే ఉద్యోగులకు ఆయన పేరు తెలుసు. ఖరీదైన పుస్తకం కొనేముందు పేజీలు ఫొటో తీసి పంపేవాళ్ళు. ఒకసారి భరద్వాజ్ అనే పరిశోధక విద్యార్థి ఫోన్ చేశాడు.

"అంకుల్, ఫొటోలు చూశారా?"

"చూశాను."

"కొననా?"

"వద్దు."

"రివ్యూలన్నీ ఫైవ్ స్టార్ అంకుల్!"

"వాళ్ళు కొన్నామని రాశారు నాయనా. చదివామని రాయలా."

ఈ జాగ్రత్త ఆయనకు పుట్టుకతో రాలేదు. చీరాలలో డిప్లొమా చదివే రోజుల్లో ఒక గైడు కొని, అందులో ఉన్నదంతా నమ్మి, కంఠతా పట్టాడు. మూడు నెలల తర్వాత మార్కుల కాగితం వచ్చాక తెలిసింది, గైడులో సగం లెక్కలు తప్పని. ఏడాది పోయింది. అప్పటి నుంచి అచ్చయిన మాటను ఊరికే నమ్మడు.

ఆయన భార్య నాగమల్లేశ్వరికి యాభై ఒకటి నిండాయి. పెళ్ళికి ముందు కెమిస్ట్రీతో డిగ్రీ చేసింది. ఆ సర్టిఫికెట్ బుకిట్ బటోక్‌లో వాళ్ళుండే ఫ్లాట్‌లో పాస్‌పోర్టుల కింద ఇరవై ఆరేళ్ళు పడుకుంది. కూతురు నిఖిలకు ఉద్యోగం వచ్చిన ఏడు, ఒక ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆమె అంది.

"ఏమండీ, నేనొక పరీక్ష రాద్దామనుకుంటున్నా."

ఇంటికి రెండు స్టాపుల దూరంలో ఒక క్లినిక్. అక్కడ మందులిచ్చే కౌంటర్‌లో సహాయకురాలు కావాలి. సర్టిఫికెట్ పరీక్ష నవంబర్‌లో. ప్యాసైతే తీసుకుంటామన్నారు, అప్పటిదాకా ఆ చోటు ఉంచుతామన్నారు. ఆ పైన ఉంచరు.

"ఈసారి పోతే మళ్ళీ అడగనులేండి," అంది. మామూలుగానే అంది. కానీ చేతిలోని చిక్కుడుకాయను ఈనె తీయకుండానే గిన్నెలో వేసింది. గురునాథం చూశాడు.

సెరంగూన్‌లో ఉండే ఆమె స్నేహితురాలు అలేఖ్య రెండేళ్ళ క్రితం అదే పరీక్ష ప్యాసైంది. తను చదివిన గైడు ఇచ్చింది. పల్చటి పుస్తకం. తీగ చుట్టిన కుట్టు, అట్ట మీద నవ్వుతున్న మాత్ర బొమ్మ. గురునాథం దాన్ని వెనక నుంచి తెరిచాడు. పట్టిక లేదు. రెండో పేజీలో కొలతల దగ్గరే రెండు తప్పులు. మూడో పేజీకి వెళ్ళలేదు.

"ఇది చెత్త," అన్నాడు.

"అలేఖ్య దీంతోనే ప్యాసైందండీ."

"దీంతో కాదు. ఇది ఉన్నా ప్యాసైంది."

పాత పేపర్లు కొనుక్కుపోయే కరంగూని అతను హారన్ కొట్టుకుంటూ వచ్చినప్పుడు ఇచ్చేయమని, తలుపు పక్కన పేపర్ల దొంతర మీద పెట్టాడు. మూడు శనివారాలు తిరిగి వేరే పుస్తకం తెచ్చాడు. ఆరు వందల పేజీలు. పట్టిక ఒక్కటే ఇరవై రెండు పేజీలు. ఆయన చేసి చూసిన లెక్కలన్నీ కలిశాయి. పెళ్ళిరోజుకు చీర తెచ్చినప్పుడు కూడా ఆయన ముఖం అలా వెలగలేదు. మల్లేశ్వరి దానికి అట్ట వేసింది. పేజీ గుర్తుకు క్యాలెండర్ ముక్క పెట్టింది.

సెప్టెంబర్ నెలాఖరుకు క్యాలెండర్ ముక్క నలభై మూడో పేజీ దగ్గర ఉంది. అక్టోబర్ మొదటి వారంలోనూ అక్కడే ఉంది.

"ఎట్టా ఉంది పుస్తకం?" అని అడిగేవాడు.

"బాగుందండీ. మంచి పుస్తకం," అనేది.

నిఖిల ఒకరోజు తింటూ, సింగపూర్ యాసలో అంది. "నాన్నా, ఆ బుక్ అమ్మకి టూ మచ్ లా. షి ఈజ్ స్కేర్డ్ ఆఫ్ ఇట్."

"పుస్తకాన్ని చూసి భయమేందే?"

"యూ ఆస్క్ హర్ లా."

ఆయన అడగలేదు. అడిగితే బాగుందండీ అంటుందని తెలుసు.

అక్టోబర్ రెండో వారంలో పరీక్షాశాలలో యంత్రం మరమ్మతుకు వచ్చింది. మూడింటికే ఇంటికి బయల్దేరాడు. బ్లాకు దగ్గరికి వచ్చి లిఫ్ట్ వైపు తిరగబోతూ ఆగాడు. కింద, గోడలు లేకుండా ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో, చదరంగం గళ్ళు చెక్కిన రాతి బల్ల దగ్గర మల్లేశ్వరి కూర్చుని ఉంది. ముందు ఒక నీళ్ళ సీసా, దగ్గుమందు మూత ఒకటి. మూతలోకి నీళ్ళు వంచి, కళ్ళ ఎత్తుకు పట్టుకుని చూసి, మళ్ళీ సీసాలోకి వంచింది. పెదవులు కదులుతున్నాయి. వంగి పెన్సిల్‌తో ఏదో రాసింది. రాసి, తనలో తనే నవ్వింది.

బల్ల మీద తెరిచి ఉన్నది ఆరు వందల పేజీల పుస్తకం కాదు.

గురునాథానికి ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే కోపం కానిదేదో వచ్చింది. ఆ నవ్వు ఇంట్లో చూసి చాలా రోజులైంది. స్తంభం పక్కన కాసేపు నిలబడి, తర్వాత దగ్గరికి వెళ్ళాడు.

"కరంగూని అతను దీన్ని తీసుకుపోలేదా?"

ఆమె ఉలిక్కిపడి పుస్తకం మీద చెయ్యి కప్పింది. "అతను వచ్చేలోపే తీసేశానండీ."

"ఎన్నాళ్ళైంది?"

"ఇది మూడో వారం."

"పెద్ద పుస్తకం?"

"పైన ఉంది. పదిలంగానే ఉంది."

ఆయన ఎదుటి రాతి పీట మీద కూర్చున్నాడు. బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దీంట్లో తప్పులున్నాయి మల్లేశ్వరీ."

"ఉన్నాయి. తొమ్మిది దొరికినయ్ ఇప్పటికి."

ఆయనకు దొరికినవి రెండు.

"మీ పుస్తకంలో ఒక్క తప్పూ లేదండీ," అంది. "అందుకే నాకు భయం. ఎక్కడ ఆగిపోయినా తప్పు నాదే. ఇదైతే అదీ తడబడతది, నేనూ తడబడతా. ఇద్దరం కలిసి లేస్తాం."

గురునాథం ఆమె ముఖంలోకే చూశాడు.

"అట్టా చూడమాకండి. ఇది చూడండి ముందు," అని పుస్తకం తిప్పి చూపించింది.

పన్నెండు కిలోల పిల్లకు జ్వరం. కిలోకు పదిహేను మిల్లీగ్రాముల మందు. సిరప్‌లో అయిదు ఎమ్మెల్‌కు నూట ఇరవై మిల్లీగ్రాములు. ఎంత పొయ్యాలి? ఆయన జేబులోంచి పెన్ను తీసి, పాత రసీదు వెనక చేశాడు. నూట ఎనభై మిల్లీగ్రాములు. ఏడున్నర ఎమ్మెల్. గైడులో జవాబు డెబ్భై అయిదు.

"అచ్చులో చుక్క పోయింది," అన్నాడు.

"చుక్క సంగతి నాకు తెలవదండీ. డెబ్భై అయిదంటే ఈ అయిదు ఎమ్మెల్ మూత పదిహేను సార్లు నింపాలి. నిఖిలకి జ్వరమొస్తే ఒకటిన్నర మూత పోసేదాన్ని, మీకు గుర్తుందో లేదో. దానికే ఇల్లంతా ఉరికేది. ఆ కాస్త పిల్ల నోట్లో పదిహేను మూతలు ఎవరు పోస్తారు? అది చూసి ఆగా. ఆగి, లెక్క మొదట్నుంచీ చేసుకున్నా. అప్పుడు అర్థమైంది ఆ పద్ధతి. పెద్ద పుస్తకంలో అదే పేజీ నాలుగుసార్లు చదివా, ఎక్కలా."

ఇన్నేళ్ళుగా, రాసినవాడికి ఏం తెలుసో కనిపెట్టడమే ఆయన పని. చదివేవాళ్ళ చేతులకు ఏం తెలుసో అడగాలని ఒక్కసారీ తోచలేదు. భరద్వాజ్‌ను అడగలేదు. ఇరవై ఆరేళ్ళు ఒకే గిన్నెలోంచి తిన్న మనిషిని అడగలేదు.

"దొరకని తప్పులుంటే?" అన్నాడు చివరికి. చీరాల మార్కుల కాగితం గుర్తొచ్చింది.

"అనుమానమొస్తే పెద్ద పుస్తకంలో చూస్తున్నాగా. ఆ పట్టిక భలే ఉందండీ, ఏది కావాలన్నా ఇట్టే దొరుకుద్ది."

ఆ మాటకు ఆయన ముఖం కొంచెం విచ్చుకుంది. "నేను ఒకసారి మొత్తం చూసి, ఎర్ర పెన్నుతో దిద్ది పెట్టనా? రెండు సాయంత్రాల పని."

"వద్దు," అంది మల్లేశ్వరి.

ఆ మాట ఆయన ఎంతోమందికి చెప్పాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"మీరు దిద్దితే మీకొస్తది. పరీక్ష రాసేది నేను," అని, నీళ్ళ సీసా ఆయన వైపు జరిపింది. "తాగండి. ఎండలో వచ్చారు."

ఆ తర్వాత పుస్తకం మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. వంటింటి గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన ఉండేది. గురునాథం దాన్ని ముట్టుకోకుండా అయిదు వారాలు గడిపాడు. ఒక్క ఉదయం మాత్రం, ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు తెరిచాడు. అంచుల్లో పెన్సిల్ రాత. 'తప్పు'. 'ఇదీ తప్పు'. ఒకచోట, 'నాదే తప్పు, పుస్తకం రైటు'. సరుకుల చీటీల్లో తప్ప ఆయన చూడని చేతిరాత. గుండ్రంగా ఉంది. చదువుకున్న పిల్ల రాతలా ఉంది. ఒక జవాబు దగ్గర ఆయనకు అనుమానం వచ్చింది. వేలు అక్కడ పెట్టాడు. తీశాడు. పుస్తకం మూసి, ఎలా ఉందో అలా ఉప్పు డబ్బా పక్కన పెట్టేశాడు.

నవంబర్‌లో పరీక్ష రాసింది. డిసెంబర్‌లో ఫలితం వచ్చింది. మార్కులు గొప్పవేం కావు. అయినా ప్యాసైంది. నిఖిల ఆఫీసు నుంచి ఫోన్‌లోనే అరిచింది. గురునాథం బాల్కనీలోకి వెళ్ళి, ఆరిన బట్టలు ఒక్కొక్కటే తీసి, మడత పెట్టి, లోపలికి వచ్చాడు. "మంచిది," అన్నాడు. బాల్కనీలో తను కళ్ళు తుడుచుకోవడం ఆమె చూసిందని ఆయనకు తెలుసు.

ఏప్రిల్‌లో ఆయన రక్తపోటు మాత్రలు అయిపోయాయి. మామూలుగా వెళ్ళే చోటికి కాకుండా రెండు స్టాపుల అవతలి క్లినిక్‌కు వెళ్ళాడు. డాక్టర్ చూశాక, నంబరు చీటీ పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. కౌంటర్ అద్దం వెనక నీలం కోటులో మల్లేశ్వరి. ఒక మలయ్ ముసలావిడకు మాత్ర సగానికి ఎలా విరవాలో వేళ్ళతో చూపిస్తోంది. ముసలావిడ తల ఊపితే నమ్మలేదు. ఆవిడ చేతనే విరిపించి చూసింది.

ఆయన నంబరు వచ్చింది. అద్దం ముందుకు వెళ్ళాడు. ఆమె ఆయన్ని చూసింది. ముఖంలో ఏమీ కదలలేదు. మాత్రల పొట్లం తిప్పి చీటీతో సరిచూసుకుంది. ఒకసారి చూసి, మళ్ళీ చూసింది.

"వన్ టాబ్లెట్, మార్నింగ్, ఆఫ్టర్ ఫుడ్," అంది. "మర్చిపోకూడదు. ఓకే అంకుల్?"

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. గురునాథం పొట్లం అందుకోలేదు.

"అర్థం కాలేదండీ," అన్నాడు. "మళ్ళీ ఒకసారి చెప్పరూ."