తడమడం వేరు, నొక్కడం వేరు

మా ఆపరేటర్ గారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "మా అబ్బా పోయారు సార్. జుమా నమాజు కాగానే తీసుకెళ్తారు. మీకు తప్పకుండా చెప్పమని ముందే అన్నారు" అంది. ఆ అమ్మాయి ఏడవలేదు. రెండేళ్ళు మంచం పట్టిన మనిషికి చేసి చేసి అలిసిపోయింది. నేనూ ఏడవలేదు. దిద్దుతున్న పరీక్ష పేపరు పూర్తి చేసి, కట్ట కట్టి, అప్పుడు లేచాను. ఈమధ్య దేనికీ వెంటనే లేవలేకపోతున్నాను.

ఆయనకి పుట్టుకతో చూపు లేదు. ఉండేది వన్ టౌన్‌లో. విజయవాడలోనే ఒక పెద్ద ఆఫీసులో ఇరవై ఏళ్ళ పైన టెలిఫోన్ బోర్డు ముందు కూర్చున్నారు. పేరు పెట్టి పిలిస్తే పలికేవారు గానీ, "ఆపరేటర్ అనండి సార్. అది నేను కష్టపడి తెచ్చుకున్న పేరు. రెండోది మా నాన్న ఊరికే పెట్టింది" అనేవారు. అందుకే ఇక్కడా ఆ పేరే రాస్తున్నాను.

తొంభైల చివర్లో పరిచయం. నేను హనుమాన్ జంక్షన్ దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఒక పక్క పరిశోధన చేస్తున్నాను. మనిషి వేలు తగిలితే యంత్రం ఎలా పలకాలి, చూపుతో పని లేకుండా చెవీ వేలూ కలిసి దాన్ని ఎంతవరకు నడపగలవు, ఇదీ నా విషయం. స్టాఫ్ రూంలో దానికి 'కాలింగ్ బెల్లు పీహెచ్‌డీ' అని పేరు పెట్టారు. ఏదో సర్టిఫికెట్ పని మీద ఆ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి నేను హలో అనగానే అవతలి గొంతు, "జలుబు ఇంకా తగ్గలేదేంటి సార్? ఆఫీసర్ గారు సీట్లో లేరు, నాలుగింటికి చేయండి" అంది. నాలుగింటికి ఫోన్ చేయలేదు, నేనే వెళ్ళాను.

పాత బోర్డు అది. ఏ గది నుంచి ఫోనొస్తే ఆ గది మీట పైన చిన్న రేకు టక్కుమని పడేది. చప్పుడుని బట్టి ఏ వరసో, వేలితో తడిమి ఏ గదో పట్టేసేవారు. కుడిచేతి చూపుడు వేలికి రోజూ కొబ్బరినూనె రాసుకునేవారు. టీ గ్లాసుని జేబురుమాలు చుట్టి గానీ పట్టుకునేవారు కాదు. "ఈ వేలు కాలిందంటే నాకు శుక్లాలొచ్చినట్టేనండీ" అని నవ్వేవారు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆయన దగ్గరకి వెళ్ళడం అలవాటైపోయింది.

కొన్నాళ్ళకి ఆఫీసులో బోర్డు మార్చేస్తామన్నారు. కొత్తది కంప్యూటర్ బోర్డు, పైనంతా చదును, మీటలు లేవు, రేకులు లేవు. ఈయన్నేం చేస్తారని సూపరింటెండెంటు గారిని అడిగాను. "ఏం చేస్తామండీ, రికార్డు రూంలో కుర్చీ వేస్తాం. జీతం ఎక్కడికీ పోదు" అన్నారు. ఆపరేటర్ గారు ఆ మాటకి, "కూర్చోడానికి మా ఇంట్లో మంచముంది సార్. నాకు ఫోన్ కావాలి" అన్నారు, నాతోనే, గొంతు తగ్గించి. చివరికి సూపరింటెండెంటు గారు ఒక దారి చెప్పారు. ఈయన వాడగలిగే బోర్డు మీరు చేసి చూపించండి, నేను పైవాళ్ళకి రాస్తాను అని.

చేశాను. చదును పలక, దాని మీద గదికో గడి. వేలు తగిలితే చాలు, నా గొంతుతో ఆ గది పేరు చెప్పి ఫోన్ కలిపేస్తుంది. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఆపరేటర్ గారు బిస్మిల్లా అనుకుని, రెండు అరచేతులూ పలక మీద ఆనించి, ఆ చివర నుంచి ఈ చివరికి నెమ్మదిగా తడిమారు. స్టోర్సు, క్యాషియరు, క్యాంటీను, ఆఫీసర్ గారి గది, అన్నీ ఒక్కసారి మోగాయి. ఆఫీసర్ గారు బయటికొచ్చి "ఎవరయ్యా?" అన్నారు. నవ్వని వాళ్ళు లేరు. ఆయన చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ చేతులు నాకిప్పటికీ కనబడతాయి.

టీ కొట్టు దగ్గర గ్లాసుకి జేబురుమాలు చుట్టుకున్నారు. తర్వాత అన్నారు, "మీరు ముందు కంటితో చూసుకుని, అప్పుడు కదండీ నొక్కుతారు. నేను చూసేదీ వేలితోనే, నొక్కేదీ వేలితోనే. తడమడం వేరు, నొక్కడం వేరండీ. మీ మిషను నన్ను చూడనివ్వలేదు."

నాలుగేళ్ళుగా నా నోటు పుస్తకాల్లో 'టచ్' అని ఒక్క మాటే రాసుకుంటూ వచ్చాను. మా అమ్మ చీకట్లో అగ్గిపెట్టె కోసం చేసేది ఒకటి, గోడకున్న స్విచ్చి మీద చేసేది ఇంకొకటి అని తెలుగువాణ్ణయ్యుండీ నాకు తట్టలేదు. సిగ్గేసింది. తాకితే మెల్లగా పేరు చెప్పాలి, గట్టిగా నొక్కితేనే కలపాలి అని మళ్ళీ మొదలుపెట్టాను. "మీ గొంతు పాఠం చెప్తున్నట్టుంది, మాట కుదించండి. కలిసినప్పుడు మా రేకు చప్పుడు పెట్టండి" అన్నారాయన. ఒక ఆదివారం ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతుంటే, పాత బోర్డు టక్కుమనడం టేపు మీదకి ఎక్కించాం.

మూడు నెలల్లో అయిపోవాల్సిన పని. కాలేజీ తనిఖీలనీ, పేపర్లు దిద్దడమనీ, ఓపిక లేదనీ, ఎనిమిది నెలలు చేశాను. ఈలోపు హైదరాబాదు నుంచి కొత్త బోర్డు వచ్చేసింది. సూపరింటెండెంటు గారు "చూశాం చూశాం, ఎన్నాళ్ళని ఆగుతామండీ" అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆలస్యం నాది.

పలక పట్టుకుని రికార్డు రూంకే వెళ్ళాను. ఆపరేటర్ గారు ఫైళ్ళ మధ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పలక తడిమారు. అది మెల్లగా గదుల పేర్లు చెప్పింది. నేనడిగిన గదినల్లా నొక్కారు. అన్నిసార్లూ టక్కుమంది, ఒక్కటీ తప్పు పోలేదు. "బాగుంది సార్, ఇప్పుడు చూడనిస్తోంది" అని, ఇంకో గది నొక్కి చూసి, "కానీ ఎవరూ ఎత్తడం లేదండీ" అన్నారు. పలకని నేను దేనికీ తగిలించలేదు. తగిలించడానికి ఏమీ మిగల్లేదు.

నాకు డిగ్రీ వచ్చింది. స్వీట్లతో పాటు అట్ట వేయించిన పుస్తకం కూడా పట్టుకెళ్ళాను. అట్ట మీది బంగారు అక్షరాలు వేలితో చదివినట్టే తడిమి, "ఇందులో నేనెక్కడున్నాను సార్?" అన్నారు. 'ఒక అంధ వినియోగదారు' అని రాసిన పేజీ తీసి, ఆయన వేలు పట్టుకుని ఆ వరస మీద పెట్టాను. "నున్నగా ఉందండీ" అన్నారు. ఆ తర్వాత అదే వేలు రుమాలుకి తుడుచుకుని స్వీటు తీసుకున్నారు.

శుక్రవారం నేను వెళ్ళేసరికి జనాజా కదిలిపోయింది. అక్కడా ఆలస్యమే. నేరుగా శ్మశానానికి పోయి వరసలో నిలబడ్డాను. ఒక్కొక్కళ్ళు మూడు పిడికిళ్ళ మట్టి వేయాలన్నారు. ముందు రోజు వాన కురిసినట్టుంది, నల్లమట్టి వేళ్ళకి అంటుకుంటోంది. రెండు పిడికిళ్ళు వేశాను. మూడోది చేతిలోనే ఉండిపోయింది.

"వేసెయ్యండి సార్, వెనక జనమున్నారు" అన్నాడు ఆయన అల్లుడు.

"చూస్తున్నానయ్యా" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. నా వేళ్ళు ఇంకా మట్టిని తడుముతూనే ఉన్నాయి.