ఆఖరిసారి వినపడిన రోజు

మామిడి తోటలో కాయలున్న రోజుల్లో ఇద్దరు మగాళ్ళు తెలతెలవారుతూనే లోపలికి వచ్చి, మెడలు వెనక్కి విరిచి కొమ్మల్లోకి చూస్తూ తిరిగితే కాపు కొనుక్కున్నవాడు ఏమనుకుంటాడో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పిట్టల్ని చూస్తున్నామని చెప్పాం. మొదటి ఏడాది ఆసామి మా సంచులు వెతికాడు. రెండో ఏడాది, మేం పక్క ఊరి వ్యాపారి తరఫున కాపు అంచనా వేయడానికి వచ్చామని తేల్చుకున్నాడు. మూడో ఏటికి మాకు మతి సరిగా లేదన్న నిర్ణయానికి వచ్చి, అప్పట్నించి చాలా మర్యాదగా చూశాడు.

ఇది తొంభైల చివరి మాట. కొవ్వూరు దాటాక కాలవ గట్టు పక్కన ఉండేది ఆ తోట. ముసలి మామిడి చెట్లు, మధ్యలో రెండు మూడు నేరేళ్ళు, ఒక అంచున వెదురు పొద. దాన్ని అడవి అనడానికి నోరు రాదు. కానీ ఎటు చూసినా వరి చేలే ఉన్న చోట అంతకంటే అడవి మాకు దొరకలేదు. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నాతో వచ్చే పెద్దాయన, నిజానికి నేనే ఆయనతో వెళ్ళేవాణ్ణి, కాలవ లాకుల దగ్గర సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవారు. మా వీధిలోనే ఉండేవారు. నన్ను మాష్టారూ అనేవారు, వయసులో నాకంటే పాతికేళ్ళు పెద్దయినా అండీ లేకుండా మాట్లాడేవారు కారు.

మేం వెళ్ళేది ముఖ్యంగా ఒక్క పిట్ట కోసం. చలికాలమంతా ఆ తోటలో గడిపి, మామిడి పిందె ముదిరే వేళకి హిమాలయాల వైపు తిరుగు ప్రయాణం కట్టే చిన్న పిట్ట. ఇంగ్లీషు పుస్తకంలో దాన్ని ఒక రకం వార్బ్లర్ అన్నారు. తోటవాళ్ళని అడిగితే పిట్ట అన్నారు. అంతకు మించిన వివరం వాళ్ళకి ఎప్పుడూ అవసరం పడలేదట. పైన ఆకు రంగు, కింద మాసిన తెలుపు, బరువు చూస్తే అయిదు రూపాయల బిళ్ళ కంటే తేలిక. దాని చుట్టాలు మరో నాలుగు రకాలు అచ్చం అలాగే ఉంటాయి. తేడా తెలిసేది గొంతులోనే. నూనె లేని సైకిలు చక్రం ఒక్కసారి కదిలి ఆగినట్టు, చాలా సన్నగా, చిస్వీ అంటుంది. గొంతు వినకుండా పేరు రాయకూడదన్నది పెద్దాయన పెట్టుకున్న నియమం.

ముప్ఫై ఏళ్ళు పొద్దునా సాయంత్రం లాకుల దగ్గర నీటి మట్టం రాసిన చెయ్యి ఆయనది. రిటైరయ్యాక దానికి ఏదో ఒకటి రాయకపోతే తోచలేదు. ప్రతి వసంతంలో ఆ గొంతు ఆఖరిసారి ఏ రోజు వినపడిందో ఆయన ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఏడాదికి ఒక్కటే వరస. అలా పదకొండు వరసలు ఉన్నాయి. పిట్టలు ఫలానా రోజు వెళ్ళిపోయాయని ఎవరూ చెప్పలేరు, ఫలానా రోజు దాకా ఉన్నాయని మాత్రం చెప్పొచ్చు, అనేవారు. అందుకని మార్చి సగం గడిచిన దగ్గర్నించి రోజూ వెళ్ళాలి. ఒక్క పూట మానేస్తే ఆ ఒక్క వరసా నమ్మడానికి పనికిరాదు. ఆయన ఇంట్లో పెళ్ళి మాటలున్న రోజు కూడా తోటకి వచ్చి, వియ్యంకుల వారికంటే అరగంట ముందు ఇల్లు చేరారు.

పన్నెండో వసంతంలో, ఆ ఏటికి మేం మొదలుపెట్టిన రెండో రోజో మూడో రోజో, నేరేడు చెట్టు పైకొమ్మలో ఆ గొంతు చక్కగా వినపడింది. సంతోషంగా ఆయన వైపు తిరిగాను. ఆయన అదే కొమ్మ కేసి చూస్తున్నారు, చెవి వెనక చెయ్యి పెట్టుకుని.

"ఇవాళ ఏం లేదు కదండీ" అన్నారు.

పైన పిట్ట మళ్ళీ కూసింది. నేను లేదండి అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. మా వైపు పెద్దవాళ్ళు ఏదైనా అంటే ముందు ఒప్పేసుకుంటాం, సంగతేమిటో ఇంటికెళ్ళాక ఆలోచిస్తాం. రేపు ఆయనకీ వినపడుతుందిలే అనుకున్నాను. మర్నాడూ ఆయనకి వినపడలేదు. ఆ రోజు నిజం చెప్పాలంటే నిన్నటి అబద్ధం కూడా చెప్పాలి. మూడో రోజు నుంచి ఇక అలవాటైపోయింది. ఆయనకి చెవుడని ఎవరూ అనరు. గోదావరి వంతెన మీదికి రైలు వస్తే ఆ చప్పుడు నాకంటే ముందు పట్టేవారు. నా గుసగుసలు కూడా వినేవారు. వయసు మీదపడితే చెవిలో ముందు పోయేవి సన్నటి శబ్దాలేనని ఏటా డిగ్రీ పిల్లలకి బల్ల గుద్ది చెప్పేది నేనే. పక్కన నిలబడ్డ మనిషికి చెప్పడం సిలబస్‌లో లేదు.

ఏప్రిల్ రెండో వారం వచ్చేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. పిట్టలు ఈసారి నెల ముందే వెళ్ళిపోయాయి, కారణం పూత మీద తేనెమంచు పురుగుకి కొట్టిన మందు. ఈ సంగతంతా పిట్టలు చూసేవాళ్ళ పత్రిక ఒకదానికి ఉత్తరంగా రాశారు. పదకొండు వరసలూ అందులో ఎత్తి రాశారు. ఎవరి మీదైనా ఫిర్యాదు పంపేముందు వాళ్ళ మాట కూడా వినాలన్నది డిపార్టుమెంటులో పద్ధతట. అందుకని ఉత్తరం తీసుకుని తోటలో ఆసామి పాక దగ్గరికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను.

ఆసామి నులక మంచం వాల్చి, ఉత్తరమంతా ఓపిగ్గా విన్నాడు. మందు కొట్టినమాట నిజమేనన్నాడు. అయ్యాక బుర్ర గోక్కున్నాడు.

"నెల ముందేంటండీ? మొన్నమొన్నటిదాకా ఈ నేరేడు మీద ఒకటే గోల కదండీ. ఈ నాలుగైదు రోజుల్నించేనండి లేంది."

పెద్దాయన ఉత్తరం మడిచారు. నా వైపు తిరిగారు.

"మాష్టారూ, మీకు వినపడిందా?"

"వినపడిందండి."

"ఎప్పట్నించండి?"

"మొదట్నించీ అండి."

ఆయన మొహంలో కోపం వస్తుందని చూశాను. వస్తే బాగుండేది. జేబులోంచి నోటుపుస్తకం తీసి, తెరిచి, పెన్ను మూత తీశారు.

"అయితే ఆఖరి రోజు ఏదో చెప్పండి."

నేను రాసుకోలేదు. ఆయన రాస్తారన్న ధీమాతో నేనెప్పుడూ ఏమీ రాసుకోలేదు. మంగళవారమా, బుధవారమా? రోజూ లేదండి అని చెప్పీ చెప్పీ, ఏ రోజు నుంచి నిజంగానే లేదో నేను గమనించలేదు. ఆసామిని అడిగితే వాళ్ళ బావగారు వచ్చెళ్ళిన మర్నాడు కావచ్చన్నాడు. బావగారు ఎప్పుడొచ్చారంటే, ఆయన వస్తూనే ఉంటాడండీ అన్నాడు. మాకిద్దరికీ ఏదో చెడిందని అతనికి అర్థమైనట్టుంది, మేం లేస్తుంటే రాలిన కాయలు నాలుగు తువ్వాలులో కట్టి ఇచ్చాడు.

గట్టెక్కి ఇంటి దారి పట్టాం. ఆయన్ని బాధపెట్టడం ఇష్టంలేక చెప్పలేదని నేనే అన్నాను. నడుస్తున్నవారు ఆగారు.

"నా చెవులు ఎలాగూ పోయేవేనండి. దానికి డాక్టరున్నాడు. పోయిన తేదీకి ఎవరున్నారండీ?"

ఆ ఉత్తరం పోస్టు చెయ్యలేదు. నోటుపుస్తకంలో ఆ ఏడాది వరస ఖాళీగా వదిలేశారు. కనీసం సుమారుగా రాయమన్నాను. సుమారుగా అన్న మాటకి ఆయన ఏదో వాసన తగిలినట్టు మొహం పెట్టారు.

రాజమండ్రిలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళి మిషను పెట్టించుకున్నారు. దానివల్ల పక్కింటి కుక్కరు కూత, మా ఇద్దరి చెప్పుల చప్పుడు బ్రహ్మాండంగా వినపడసాగాయట. ఆ పిట్ట మాత్రం వినపడలేదు. నాతో మాట్లాడడం మానలేదు. అలా మానేస్తే నాకు కొంత సులువయ్యేది.

మరుసటి ఏడు మార్చిలో ఒక పొద్దున్నే మా గుమ్మం ముందు నిలబడి, వెళ్దామా అండీ అన్నారు. ఏర్పాటు ఆయనే చెప్పారు. నాకు వినపడగానే వేలు ఎత్తాలి, ఆయన రాస్తారు. నేనూ విడిగా రాసుకోవాలి. గట్టెక్కాక రెండు పుస్తకాలూ పోల్చి చూడాలి. నేను ఏటా పరీక్షలు పెట్టేవాణ్ణే గానీ అంత కట్టుదిట్టంగా ఎప్పుడూ పెట్టలేదు.

నెల రోజులు వేలు ఎత్తాను. తర్వాత ఎత్తడం తగ్గింది. ఏప్రిల్లో ఒక పొద్దున నేరేడు కింద చాలాసేపు నిలబడ్డాం. కోయిల తప్ప ఏమీ లేదు. ఆయన కొమ్మల్లోకి చూడడం ఎప్పుడో మానేశారు, నా మొహంలోకే చూస్తున్నారు.

"ఉందాండీ?"

"లేదండి."

ఆయన పెన్ను మూత తియ్యలేదు. అలాగే చూస్తూ నిలబడ్డారు.

"నిజంగానే లేదండి" అన్నాను.

"ఇంకాసేపు చూద్దామండి" అని వేరు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. ఎండ మా కాళ్ళ దాకా వచ్చేవరకు ఇద్దరం విన్నాం.