ముఠా ఇచ్చిన వాటా

కూచిపూడి అవతల ఒక రైసు మిల్లులో నేను హమాలీగా ఉండేవాణ్ణి, బస్తాల దొంతర నా మీద కూలిన రోజుదాకా. ఎడమ మోకాలు నుజ్జయింది. డాక్టరు రాడ్డు వేసి, నడవొచ్చు గానీ ఇక బరువు మోయకూడదన్నాడు. బరువు మోయకపోతే హమాలీ ఏం తింటాడో మాత్రం ఆయన చెప్పలేదు.

మిల్లు యజమాని బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. నా భార్య నష్టపరిహారం మాట ఎత్తగానే ముఖం మార్చేశాడు. నీ మొగుడు నా మనిషి కాదు, ముఠా మనిషి, వాళ్లనే అడుక్కోమన్నాడు. పెళ్లి కాకముందు నుంచీ ఆ మిల్లు దుమ్మే మింగాను. నేను ఆయన మనిషిని కాదట! విన్నప్పుడు ఒళ్లు మండిపోయింది.

ముఠా అంటే కలిసి మోసే జట్టు. లారీకి ఇంత అని మిల్లు ఇస్తే మేస్త్రి తెచ్చి అందరికీ సమానంగా పంచుతాడు. తనూ మాతోపాటే మోస్తాడు, రూపాయి ఎక్కువ తీసుకోడు. మాలో ఎవరికి దెబ్బ తగిలినా, లేచి తిరిగేదాకా అతని వాటా అతని ఇంటికి చేరాల్సిందే. మా తాతల నాటి నుంచీ అదే కట్టుబాటు. నా వాటా కూడా ప్రతి శనివారం మేస్త్రే తెచ్చి ఇచ్చేవాడు. అతను నా భార్యకు వరసకు తమ్ముడు.

ఆ డబ్బుతో వండిన అన్నం నాకు గొంతు దిగేది కాదు. నా బస్తాలు వాళ్లు మోస్తున్నారు, వాళ్ల పిల్లల నోటి దగ్గరిది నేను తింటున్నాను. పరిహారం వస్తే ఇంటి ముందు చిన్న కొట్టు పెట్టుకుని, ఇక నాకు పంపకండ్రా అని చెప్పాలి. నాకున్న ఆశ అదొక్కటే.

విజయవాడ పటమటలో ఒక లాయరు గారు దొరికారు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం మీ హక్కు, బిచ్చం కాదు, మీరు ఆ మిల్లులో పనిచేశారని ఎవరైనా వచ్చి చెప్పాలి అన్నారు. ఎవరొస్తారు? సాక్ష్యానికి వెళితే ముఠాను మొత్తం మార్చేస్తానని యజమాని అప్పటికే బెదిరించాడు. మేస్త్రి మాత్రం వెనకాడలేదు. ముఠా వాళ్లు కూడా వెళ్లిరమ్మనే అన్నారు.

విజయవాడ లేబరు ఆఫీసులో విచారణ రోజున మేస్త్రి, చర్చికి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దొంతర ఎలా కూలిందో, ఆ పని ఎవరు చెప్పారో, యజమాని ఎక్కడ నిలబడి చూశాడో, ఒక్కటీ తడబడకుండా చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మిల్లు తరఫు లాయరు లేచి, ఎంతో మర్యాదగా, ఇప్పుడు వీళ్ల ఇల్లు ఎలా గడుస్తోందండీ అని అడిగాడు.

"మేమే చూసుకుంటన్నామండి. మాతో సమానంగా వాటా ఇస్తన్నాం. మావోణ్ణి పస్తుంచుతామా?" అన్నాడు మేస్త్రి. గర్వంగానే అన్నాడు.

ఆ లాయరు ఇంకేమీ అడగలేదు. పనిలోకి రాకపోయినా వాటా తీసుకునేవాడు కూలివాడు కాదు, భాగస్తుడు అన్నాడు. ముఠా వీళ్ల సొంత వ్యాపారమట, మిల్లేమో వీళ్ల దగ్గర పని చేయించుకునే గిరాకీ మాత్రమేనట. మా లాయరు గారు గట్టిగానే పోట్లాడారు. చివరికి యజమానికీ నాకూ సంబంధం రుజువు కాలేదని కేసు కొట్టేశారు.

హైకోర్టులో అప్పీలు వేద్దామన్నారు మా లాయరు గారు. కానీ ఈ వాటా తీసుకోవడం ఈరోజుతో ఆపేయాలి, తీసుకున్నన్నాళ్లూ వాళ్ల వాదనకు మనమే బలమిచ్చినట్టు అన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, నా బతుకు అలాగే అయింది. మేస్త్రి పక్కనే నిలబడి అంతా విన్నాడు.

బందరు రోడ్డు మీద బస్సులో అతను నా పక్కనే కూర్చున్నాడు. పామర్రు దగ్గర పడ్డాక కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"నీకు అన్నం పెట్టకుండా ఉండాల్సింది బావా. గెలిచేవోడివి."

నేను అందరి ముందూ ఏడ్చేశాను. కాలు విరిగినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఇక వాటా తేవద్దని దిగేటప్పుడు చెప్పాను. సరేనన్నాడు.

ఆ వారమే యజమాని అన్నంత పనీ చేశాడు. ముఠాను తీసేసి వేరేవాళ్లను పెట్టుకున్నాడు. మావాళ్లు పొద్దున్నే పామర్రు సెంటర్లో నిలబడి, దొరికిన పనికల్లా పోతున్నారు. కొన్ని రోజులు అదీ దొరకడం లేదు.

శనివారం మేస్త్రి వచ్చాడు. అతని చేతిలోని డబ్బు ఎప్పుడూ ఇచ్చేదాంట్లో సగం కూడా లేదు. నా ముఖం చూడకుండా నా భార్యకు అందించబోయాడు. ఆమె చెయ్యి చాపకుండా నా వైపు చూసింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, అందులో పోయడానికి ఇంట్లో బియ్యం లేవు. తీసుకోమని నేనే చెప్పాను.

అప్పీలు వేయలేదు.